ఇచ్చి తీసుకున్న నిద్ర

జబ్బకు పట్టీ కట్టించుకున్నాక సువార్త మొట్టమొదటిసారి తెల్లవార్లూ నిద్రపోయింది. పొద్దెక్కినా లేవకపోయేసరికి మొగుడు ఏలియా భయపడిపోయి మొహాన చెంబుడు నీళ్లు కొట్టాడు. ఆమె ఉలిక్కిపడి లేచి, "చచ్చాననుకున్నావా ఏంది?" అని తిట్టింది. తిడుతూ తిడుతూ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. పదో తరగతి చదివే కూతురు కెజియా బడికి జడ వేసుకుంటున్నదల్లా ఆగిపోయి, కొత్త మనిషిని చూసినట్టు తల్లిని చూసింది.

ఈ సంగతంతా సువార్తే శశిరేఖకి చెప్పింది. వినడమే శశిరేఖ ఉద్యోగం. గుంటూరు శివార్లలో హైవే పక్కనున్న పరిశోధన కేంద్రం ఆమెను అందుకే పెట్టుకుంది. ముట్లుడిగిన ఆడవాళ్ల ఒంట్లో ఏం జరుగుతుంది, వైద్యం కోసం ఎక్కడెక్కడికి వెళ్లారు, అక్కడ ఎవరేమన్నారు అన్నది వాళ్ల మాటల్లోనే రికార్డు చెయ్యాలి. శశిరేఖది తెనాలి. ఆడవాళ్ల పక్కన కింద కూర్చుని, వాళ్లు పెట్టిన టీ తాగి, వాళ్లతో మాట్లాడించడం ఆమెకు చేతనవును.

సువార్త దొరికింది మిరపకాయల కోల్డ్ స్టోరేజీ దగ్గర. షెడ్డులో గుట్టల ముందు కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లలో ఆమె ఒకతె. మొదటిసారి శశిరేఖ మాట్లాడించినప్పుడు ఆమె చెంగుతో మెడ తుడుచుకుంటూనే ఉంది.

"నీ వయసెంత?"

"ముప్పై అయిదు మేడమ్."

"ఇప్పుడే ఆగిపోయిందా?"

"ఆగటవేంది, కోసి తీశారు." సువార్త చేతులు కాయల మీద ఆడుతూనే ఉన్నాయి. "కెజియా పుట్టాక తెల్లబట్ట అయ్యేది. నడుం పట్టేసేది. ఆర్ఎంపీ డాక్టరు టౌన్లో ఆస్పత్రికి తీసుకుపోయాడు. వాళ్లు స్కానింగు తీసి, సంచి పాడైంది, ఉంచితే క్యాన్సరయిద్దన్నారు. ఇరవై ఆరేళ్లు నాకు. సంచితోపాటు పక్కనుండేయి కూడా తీసేశారంట. ఆ సంగతి తర్వాత తెలిసింది."

"తర్వాత ఎక్కడా చూపించుకోలేదా?"

"పీహెచ్‌సీకి పోయా. ఒళ్లు కాలిపోతంది, నిద్ర పట్టట్లేదంటే అక్కడి డాక్టరు బలం బిళ్లలిచ్చాడు. వయసు మీద పడితే అంతేనమ్మా అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లకి వయసేంది మేడమ్, మీరే చెప్పండి. ఇంకో చోటికి పోతే మొగుడితో గొడవలా అని అడిగారు. అప్పటికి లేవు. ఆ తర్వాత వచ్చాయి. దగ్గరికొస్తే మంట. నేను ఛీ పో అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు, మంచం వరండాలోకి లాక్కున్నాడు."

కేంద్రాన్ని నడిపే డాక్టర్ రాజ్యశ్రీ ఆ రికార్డు విని, "ఈమెను తీసుకో," అంది.

సువార్త చర్మంలోంచి గోరంత ముక్క తీసి, దాన్ని కేంద్రంలో పెంచి, పెసరగింజంత అయ్యాక ఎడమ జబ్బలో చర్మం కింద నాటారు. అక్కడ అందరూ దాన్ని మొలక అనేవాళ్లు. అండాశయం చేసే పని అది చేస్తుంది. కాకపోతే అదుపు లేకుండా ఊరడం ప్రమాదం కాబట్టి, ఒక రకం కాంతి తగిలినప్పుడే మేల్కొనేలా తయారుచేశారు. ఆ కాంతి ఇచ్చేదే జబ్బకు కట్టే పట్టీ. ఎవరి పట్టీ ఎంతసేపు వెలగాలన్నది కేంద్రంలో ఉన్న కంప్యూటరు చూసుకుంటుంది. పట్టీ పైన ఎర్ర చుక్క ఒకటి వెలుగుతూ ఉంటుంది.

రాజ్యశ్రీ జబ్బకూ అలాంటి పట్టీయే ఉంది. మొట్టమొదటి మొలక తనలోనే నాటుకుంది. ఒక మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ మామూలు పదాలు గుర్తురాక నిలబడిపోయిన రోజున, పక్కనున్న మగ ప్రొఫెసర్లు నవ్విన రోజున ఈ పని మొదలుపెట్టానని ఆవిడ శశిరేఖకు ఒకసారి చెప్పింది.

నిద్ర వచ్చాక సువార్తకు మిగతావన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. మోకాళ్ల బిగువు సడలింది. షెడ్డులో పాటలందుకోవడం మొదలుపెట్టింది. ఏలియా మంచం వరండాలోంచి లోపలికి వచ్చిందని చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడి చెంగు నోటికడ్డం పెట్టుకుంది. శశిరేఖను మేడమ్ అనడం మానేసి అక్కా అని పిలిచింది.

"అక్కా, ఒకటి చెప్పనా? ఇన్నాళ్లూ నేను చెడ్డదాన్ననుకున్నా. నా బుద్ధే అంత, కోపిష్టిదాన్ని, అందరి మీదా అరుస్తానని. కాదంట. నేను మంచిదాన్నేనంట!"

శశిరేఖ ఆ మాట రికార్డు చేసుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ బస్సులో మళ్లీ విన్నది. నలభై ఏడేళ్లు ఆమెకు. కొన్నాళ్లుగా ఆమెకూ ఉన్నట్టుండి ఆవిరి పుట్టి చెవులదాకా ఎక్కుతోంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే ఏడుపొస్తోంది.

చలికాలం పోతూ ఉండగా రాజ్యశ్రీ అందరినీ గదిలో కూర్చోబెట్టింది.

"మందుకు అనుమతి ఇచ్చే బోర్డు మన ఫలితాలు వెనక్కి పంపింది. నిద్ర పట్టడం, నవ్వడం, ఇవి ఫలితాలు కావంటున్నారు. వయసొస్తే ఆడవాళ్లందరికీ వచ్చేదే కదా, దీన్ని జబ్బని ఎందుకనాలి అంటున్నారు. బాగయిందని మనం చెబితే వాళ్లు నమ్మరు శశిరేఖా. పోగొట్టుకుంటే ఏమవుతుందో చూపించాలి. అందుకే ఆర్పే దశ మొదలుపెడుతున్నాం."

ఆ దశ ఉందని శశిరేఖకు తెలుసు. చేరేటప్పుడు అందరికీ చదివి వినిపించిన కాగితాల్లో అదీ ఉంది. కొంతమందికి కొంతకాలం చికిత్స నిలిపివేయబడును, ఎవరికన్నది తెలుపబడదు అని తనే గడగడా చదివింది. ఆ భాష ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎక్కకపోయినా అందరూ తలూపారు.

సగం మంది పేర్లు కంప్యూటరే ఎంచుకుంది. వాళ్ల పట్టీల్లో పైకి కనిపించే ఎర్ర చుక్క అలాగే వెలుగుతుంది. చర్మాన్ని దాటి మొలకను తాకే కాంతి మాత్రం ఆరిపోతుంది. ఎవరిది ఆరిందో శశిరేఖకే కాదు, రాజ్యశ్రీకీ తెలియదు.

కానీ షెడ్డులో అడుగుపెట్టగానే శశిరేఖకు తెలిసిపోయింది. సువార్త గుట్టకు దూరంగా గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. మెడ, గొంతు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కారం అంటిన చేత్తో చెమట తుడుచుకుందేమో, చెంపలు వాచాయి.

"అక్కా, నా పట్టీ చూడు. పాడయిందా?"

ఎర్ర చుక్క నిక్షేపంగా వెలుగుతోంది. శశిరేఖ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసినట్టు చేసింది.

"బాగానే ఉంది సువార్తా."

"మరి నాకేమయింది? స్నానం చేస్తా తడిపానా? బరువులెత్తానని కదిలిందా? ఆయన దగ్గర పడుకున్నానని ఏమన్నా..." గొంతు తగ్గించింది. "అట్టా చేయకూడదా అక్కా? మీరు చెప్పలేదే?"

"అదేం కాదు."

"మరేంది?"

శశిరేఖ రికార్డరు ఆన్ చేసింది. చెయ్యాల్సింది అదే. "ఎలా ఉందో చెప్పు. నీ మాటల్లో."

సువార్త ఆమెవంక చూస్తూనే చెప్పింది. "ముందు, బాగుంటే ఎట్టుంటదో తెలియనప్పుడు ఓర్చుకున్నా అక్కా. తొమ్మిదేళ్లు అదే బతుకనుకున్నా. ఇప్పుడట్టా కాదు. చల్లటి నీళ్లు తాగించి, గొంతులో ఉన్నయ్యి ఉన్నట్టు కక్కమన్నట్టుంది. తెల్లవార్లూ కళ్లు తెరుచుకునే ఉంటన్నా. పక్కన ఆయన గురక పెడతంటే పీక పిసకాలనిపిస్తంది. నన్ను చూసి నాకే భయమేస్తంది."

మరుసటి వారం శశిరేఖ వెళ్లేసరికి షెడ్డులో సువార్త లేదు. ఇంటికి వెళ్లింది. వరండాలో మంచం వాల్చి ఉంది. లోపల కెజియా నుదుటికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకుంది.

సువార్త గడప మీద కూర్చుని చెప్పింది. మొన్న రాత్రి పిల్ల పరీక్షలకని పైకి చదువుతోందట. ఆ గొంతు చెవుల్లో సూదుల్లాగా గుచ్చుకుంది. మెల్లగా చదవమని రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. చేతిలో ఉన్న ఇత్తడి గరిటె విసిరింది.

"కంటికి ఇంత పైన తగిలింది," అని వేలుతో చూపించింది. "రక్తం కారతంటే నేను కదల్లా అక్కా. ఆయనే ఎత్తుకుని పరిగెత్తాడు. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది అనిపించింది. కన్నతల్లిని, నాకట్టా అనిపించింది."

లోపల్నుంచి కెజియా అంది, "అమ్మా, చెప్పబాక ఇంక."

శశిరేఖ ఆ రోజు కేంద్రానికి పరుగున వెళ్లింది. రాజ్యశ్రీ ఆ రికార్డు మొత్తం విన్నది. చివర్లో వెనక్కి తిప్పి, హమ్మయ్య అన్న దగ్గర మళ్లీ విన్నది. కళ్లు మూసుకుంది.

"ఇది బోర్డుకు వినిపించాలి," అంది.

"మేడమ్, ముందు ఆమె పట్టీ వెలిగించండి."

"ఆమెదే ఆరిందని నీకెలా తెలుసు?"

"చూస్తే తెలీదా?"

"తెలియకూడదు. ఇప్పుడు విప్పి చూస్తే ఇన్నాళ్ల పని చెడిపోతుంది. మందు రావడం ఇంకో పదేళ్లు వెనక్కి పోతుంది. ఆ పదేళ్లలో ఎంతమంది ఇలా ఏడుస్తారో లెక్కేసుకో."

"పిల్ల నుదుటికి కుట్లు పడ్డాయి మేడమ్. కొంచెం కిందికి తగిలుంటే కన్ను పోయేది. ప్రమాదమైతే ఆపొచ్చని మన నియమాల్లోనే ఉందిగా?"

"పాల్గొన్నవాళ్లకు ప్రమాదమైతే." రాజ్యశ్రీ నెమ్మదిగా అంది. "పిల్ల మన పరిశోధనలో లేదు కదా."

అన్న తర్వాత ఆ మాట తనకే వినిపించినట్టు ఆవిడ తల దించుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు. శశిరేఖ అక్కడే కాసేపు నిలబడింది. సువార్త దగ్గరికి వెళ్లి నిజం చెప్పేయొచ్చు. చెబితే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి. నిలబడి నిలబడి తన సీటుకు వెళ్లి కూర్చుంది.

ఎండలు ముదిరేసరికి ఆ దశ అయిపోయింది. ఆర్పినవాళ్ల పేర్లు బయటపెట్టారు. సువార్తది ఆరినవాటిలోనే ఉంది. అన్ని పట్టీలూ మళ్లీ వెలిగించారు. వారం చూశారు, ఇంకో వారం చూశారు. ఆర్పిన వాళ్లెవరికీ నిద్ర తిరిగి రాలేదు.

సువార్తను కేంద్రానికి పిలిపించి జబ్బ మీద స్కానింగు పెట్టారు. శశిరేఖ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. తెర మీద మొలక చుట్టూ ఉండాల్సిన సన్నటి నెత్తుటి దారులు ఒక్కటీ లేవు. ముడుచుకుపోయి, చిన్న రాయిలా ఉంది. రాజ్యశ్రీ పరికరాన్ని తనే తీసుకుని మళ్లీ మళ్లీ రుద్దింది.

"ఎలుకల్లో మేల్కొంది," అంది తనలో తను. "ఎన్నిసార్లు ఆర్పినా మేల్కొంది."

"ఏమంటన్నారు?" అని సువార్త శశిరేఖను అడిగింది.

రాజ్యశ్రీ మొహం తుడుచుకుని ఆమెవైపు తిరిగింది. "కొంచెం టైము పడుతుందమ్మా. ఓపిక పట్టు."

సువార్త వెళ్లాక శశిరేఖ అడిగింది, "ఇంకో మొలక నాటలేమా?"

"పరీక్ష చేయించాను. చచ్చిన మొలకను వాళ్ల ఒళ్లు శత్రువుగా గుర్తుపెట్టుకుంది. కొత్తది పెడితే బతకనివ్వదు." తన పట్టీ మీద చెయ్యి వేసుకుని అంది, "నాది ఒక్క పూట కూడా ఆర్పి చూసుకోలేదు శశిరేఖా. ఆర్పి ఉంటే తెలిసేది."

బోర్డు ముందు సువార్త గొంతు వినిపించారు. ఒక సభ్యుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత బాధ అని మాకెవరూ చెప్పలేదే అన్నాడు. ఆర్పితే తిరిగి మేల్కొనదన్న సంగతీ రాజ్యశ్రీ దాచలేదు. అందుకని పట్టీ ఎప్పటికీ ఆరకుండా రెండో బ్యాటరీ పెట్టమని షరతు రాసి అనుమతి ఇచ్చారు. మొదట పెద్ద ఊళ్లలో ప్రైవేటు ఆస్పత్రుల్లో దొరుకుతుందన్నారు. ప్రభుత్వ ఆస్పత్రుల సంగతి తర్వాత చూస్తామన్నారు. కేంద్రంలో అందరికీ స్వీట్లు పంచారు. ఉద్యోగుల్లో అవసరమైనవాళ్లు మొలక నాటించుకోవచ్చని రాజ్యశ్రీ చెప్పింది. శశిరేఖ వద్దనుకుంది. ఇంకా కొన్నాళ్లు వద్దనుకుంది. చివరికి ఒకరోజు ఆఫీసులో ఫైలు ఎక్కడ పెట్టిందో గుర్తురాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి, ఆ సాయంత్రమే నాటించుకుంది.

తనకు నిద్ర పట్టడం మొదలయ్యాకే ఆమె సువార్త దగ్గరికి వెళ్లి నిజం చెప్పింది. అంతకుముందు చెప్పే బలం లేకపోయింది.

షెడ్డులో కొత్త పంట గుట్టలు పోసి ఉన్నాయి. ఘాటుకు ఎవరో తుమ్ముతున్నారు. సువార్త కాయ తర్వాత కాయ అందుకుంటూ విన్నది.

"ఎవరు ఆర్పారు?"

"కంప్యూటరు. పేర్లు అదే ఎంచుకుంది."

"దానికి ఎవరు చెప్పారు?"

శశిరేఖ గుట్టలోంచి ఒక కాయ తీసి తొడిమ గిల్లింది.

"ఇంక రాదా?"

"రాదు."

సువార్త చేతులు ఆగాయి. "అయితే నేను తడిపినందుకు కాదా?"

"కాదు."

"ఆయన దగ్గర పడుకున్నందుకు కాదా?"

"కాదు సువార్తా. నీ తప్పేం లేదు."

"ఆ ఒక్క మాట ఆరోజు చెప్పకపోయారా!" అంది సువార్త. గొంతు పెంచలేదు. "మందు ఆపారని తెలిస్తే, ఇది జబ్బులే అని గదిలోకి పోయి తలుపేసుకునేదాన్ని. నాకు పిచ్చి పట్టిందనుకున్నా. నా బిడ్డ కూడా అదే అనుకుని హాస్టల్లో చేరింది. సెలవులకి కూడా రానంటంది. నేను పట్టుకుంటే ఇప్పటికీ తల పక్కకి లాక్కుంటది."

పక్కనున్న ఆడవాళ్లు చూస్తున్నారు. సువార్త మళ్లీ పనిలో పడింది.

తర్వాత శశిరేఖకు ఒక దారి తోచింది. పాత రకం హార్మోను మాత్రలు ఉండనే ఉన్నాయి. మొలకంత బాగా పనిచెయ్యకపోయినా కొంత ఉపశమనం ఇస్తాయి. ఎవరైనా అడిగి రాయించాలి, అంతే. ఇన్నేళ్లుగా సువార్తకు ఎవరూ రాయలేదు. రెండుసార్లు బతిమాలితే సువార్త సరేనంది. ఇద్దరూ కలిసి పెద్దాస్పత్రికి వెళ్లారు.

ఆడవాళ్ల ఓపీ ముందు బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఉక్కపోతగా ఉంది. శశిరేఖ జాకెట్టు చేతి పల్చటి బట్టలోంచి ఎర్ర చుక్క కనిపిస్తోంది. సువార్త దానివంక చూసి చూసి అడిగింది.

"మీకూ పెట్టారా మేడమ్?"

అక్కా అనలేదని శశిరేఖ గమనించింది. "పెట్టారు."

"మంచిదేలే." నిజంగానే అన్నట్టుంది ఆ గొంతు. శశిరేఖ కొంగు జబ్బ మీదికి లాక్కుంది.

లోపల కుర్ర డాక్టరమ్మ తల ఎత్తకుండానే, "చెప్పమ్మా, ఏంటి ఇబ్బంది?" అంది. సువార్త బదులు చెప్పకపోతే ఈసారి తల ఎత్తి చూసింది. మంచి పిల్లలాగే ఉంది. "భయపడకు. ఏమనిపిస్తుందో చెప్తేనే కదా మందు రాసేది."

సువార్త నుదుటి మీద అప్పుడే చెమట పట్టింది. మెడ మీదుగా ఎరుపు పైకి పాకడం శశిరేఖకు కనిపిస్తోంది.

"ఏం లేదండీ," అంది సువార్త. "మోకాళ్లు కొంచెం నొప్పులు."

"అది కాదు డాక్టర్," శశిరేఖ అందుకుంది. "చిన్న వయసులోనే ఆపరేషనయింది. నిద్ర ఉండదు, ఒళ్లంతా..."

సువార్త ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నొప్పులేనండీ. ఇంకేం లేదు."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బయట ఇంకా చాలామంది ఉన్నారు. కాల్షియం బిళ్లలు రాసి ఇచ్చింది.

వరండాలోకి వచ్చాక శశిరేఖ ఉండబట్టలేక అరిచినంత పని చేసింది. "ఎందుకు చెప్పలేదు? నీలాగా చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు? నువ్వు చెప్తే బోర్డంతా విన్నది. ఇక్కడ రెండు మాటలు చెప్తే మాత్రలిచ్చేది కదా!"

"ఎన్నాళ్లిస్తారు?"

"ఉన్నన్నాళ్లూ ఇస్తారు. ఒక్కోసారి స్టాకు..."



"అదే మేడమ్." సువార్త చీటీ నాలుగు మడతలు పెట్టింది. "ఇస్తారు. నాకు బాగుంటది. మళ్లీ నవ్వుతా, ఆయన మళ్లీ మంచం లోపలికి తెచ్చుకుంటాడు. పిల్ల కూడా వచ్చిద్దేమో. తర్వాత ఒకరోజు లేవంటారు. మొదటిసారి పోయినప్పుడు గరిటె విసిరా. రెండోసారి పోతే చేతికి ఏం దొరికిద్దో నాకు తెలీదు. ఇట్టా ఉంటే అలవాటయిద్ది. ఎవరూ దగ్గరికి రారు, ఎవరికీ దెబ్బ తగలదు."

ఇక వెళ్లమన్నట్టు తల ఊపి, ఆమె మందుల కిటికీ ముందు వరసలో నిలబడింది. చెమట మెడ మీదుగా జాకెట్టులోకి కారుతోంది. తుడుచుకోలేదు. ముందు నిలబడ్డ ముసలావిడ వెనక్కి తిరిగి ఆ చెమట చూసి, తన చెంగుతో విసురుతూ అడిగింది.

"ఏమయిందమ్మా నీకు?"

"ఏం లేదు పెద్దమ్మా," అంది సువార్త. వరస కదిలితే ఒకడుగు ముందుకు జరిగింది.